ఎర్ర పట్టీల పురుగు

సల్వడోర్,
మే 6, 1986

కొమాద్రి జోవెలీనాకు,

నీకూ, నీ మేకలకూ, కబ్రేరాలో నా పేరు మరిచిపోని ప్రతి ఒక్కరికీ లిందౌరా దణ్ణాలు. నీ మోకాళ్లు నిన్ను ఇంకా మోస్తున్నాయనీ, కోడలి కడుపు చల్లగా పెరుగుతోందనీ తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ వానలు మొదలయ్యాయి. మా ప్రయోగశాల గోడలకు చెమ్మ, నా నడుముకు నొప్పి, ఏటా ఇదే వరస.

ఎప్పట్లాగే ఈ ఉత్తరం నివాల్డా నీకు చదివి వినిపిస్తుంది. నివాల్డా, నీతో ఒక మాట. నీకు వాక్యాలు మింగేసి చదివే గుణం ఉంది. కిందటిసారి నువ్వు మేక కాలేయం తినాలని అరపేజీ రాస్తే, ఆ సంగతే తనకు తెలియదని మీ అత్త జవాబు రాయించింది. ఆ జవాబు రాసిన చెయ్యి కూడా నీదే, సిగ్గు లేకపోతే సరి! ఈసారి ఒక్క అక్షరం దాటించావో, బస్సెక్కి వచ్చి చెవి మెలేస్తాను.

కొమాద్రీ, పురిటి సారా అప్పుడే నానేశావని రాయించావు. చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. బిడ్డ పుట్టడానికి ఇంకా ఇంత కాలం ఉండగానే జాడీ మంచం కింద పెట్టేశావా? సారాకు పెట్టుకున్న ముద్దుపేరుతో, పసివాడి ఉచ్చ పొయ్యమని ఇరుగుపొరుగు ఇప్పటినుంచే గుమ్మంలో నిలబడితే ఏం చేస్తావు? నీ చేతి సారా ఎలా ఉంటుందో నాకు తెలుసు. జిల్వాన్ పుట్టినప్పుడు రెండు గ్లాసులు తాగి మీ మేకపిల్లకు జోల పాడానట, ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ జిల్వాన్ దక్షిణాన చెరకు నరుకుతూ, తండ్రి కాబోతున్నాడంటే నమ్మలేకుండా ఉన్నాను.

ఇక అసలు సంగతి. నువ్వు పంపిన సీసా బస్సు డ్రైవరు అరిస్తేవు భద్రంగా తెచ్చి నా చేతికిచ్చాడు. చెప్పినట్టే పురుగుల్ని ఆల్కహాలులో వేసి, మూతకు మైనం పూసి, ఎక్కడ దొరికాయో చీటీ కట్టావు. నీ మంచం పక్క గోడ పగులు, నివాల్డా గది తలుపు వెనక, కోళ్ల గూడు. ఆ చీటీ చదివేసరికి మీ ఆయన అబీలియో గుర్తొచ్చాడు. అబీలియో చేలో పార పట్టుకుని నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయిన రోజు నేను మీ ఇంట్లోనే ఉన్నాను. గుండె సొరకాయంత ఉబ్బిపోయింది, ఎప్పుడో చిన్నప్పుడు బార్బరు పురుగు మొహం మీద కుట్టి ఒంట్లోకి ఎక్కించిన జబ్బు ఇన్నేళ్లకు తిరగబెట్టిందని డాక్టరు చెప్పినప్పుడు నువ్వు ఏడవలేదు. ఈ ఇల్లు ఆ పురుగుకు ఒక మనిషిని ఇచ్చింది, రెండో మనిషిని ఇవ్వదు అన్నావు. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది.

సావ్ జొవావ్ పండగ మంట మీద చెయ్యీ చెయ్యీ పట్టుకుని దూకి, అక్కచెల్లెళ్లకన్నా దగ్గరి కొమాద్రిలమైన రోజున, ఒకరితో ఒకరం అబద్ధం ఆడమని ఒట్టు వేసుకున్నాం. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మీ ఊళ్లో అన్నిటికీ బార్బరు పురుగు అనే పేరు. మా బల్ల మీద అవి ఒకే పోలికతో ఉన్న నలుగురు అక్కచెల్లెళ్లు. ఒకదానికి ఒళ్లంతా నలుపు. రెండోదానికి పొట్ట అంచున ఎండుగడ్డి రంగు పట్టీలు, తొడలకు అదే రంగు గాజులు, తోక దాకా రెక్కలు. ఇది ఇంటి మనిషి. మట్టిగోడలో పగులు దొరికితే చాలు, పిల్లాపాపలతో కాపురం పెట్టేస్తుంది. మూడోది ఈ రెండింటికీ మధ్యస్థం. నాలుగోదానికి ఎర్ర పట్టీలు, పొడుగు కాళ్లు, కురచ రెక్కలు. ఎగరలేదు. కొండ మీద బండల సందుల్లో ఎలుకల్ని నమ్ముకుని బతుకుతుంది. ఇంట్లోకి వచ్చినా దారి తప్పి వచ్చినట్టే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇళ్లకు మందు కొట్టే బృందం మాకు ఒక్కటే ఉంది. పండగ లోపల అది ఒక్క దిక్కుకే పోగలదు. మీ ఇళ్లలో ఉన్నది గడ్డి పట్టీలది అని నేను రాసిస్తే బృందం కబ్రేరా వస్తుంది. ఎర్ర పట్టీలది అంటే రాదు. రాళ్ల కుప్పలు తీసేసుకోండి అని మీకు ఒక కాగితం వస్తుంది, బృందం నది అవతలి ఊళ్లకు పోతుంది.

సీసాలోంచి తీసి మా నిల్వ మందులోకి మార్చి, లెన్సు కింద పెట్టి చూశాను. నీ పురుగుల పట్టీలు ఎర్రగా ఉన్నాయి. కాళ్ల గాజులూ ఎర్రగానే ఉన్నాయి.

మా పెద్దాయన డాక్టర్ ఒతసీలియో చూసి సంబరపడిపోయాడు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. రెక్కలు కురచగా లేవు, తోక దాకా ఉన్నాయి. పైగా సీసాలో పిల్ల పురుగులు కూడా ఉన్నాయి. దారి తప్పి వచ్చినది ఇంట్లో పిల్లల్ని కంటుందా? ఇంకో చికాకు, కాళ్లు పట్టకారుకు అతుక్కుపోతున్నాయి. ఒకదాన్ని సరిచేసేలోగా ఇంకోదాని కాలు ఊడుతోంది. చాలదన్నట్టు బల్ల మీద ఎక్కడినుంచో చీమలు. మధ్యాహ్నమంతా పురుగుల్ని చూడ్డం మానేసి చీమల్ని దులుపుతూ కూర్చున్నాను.

పిల్ల పురుగులు సరిగ్గా ఎక్కడ దొరికాయో, గోడలోనా, బయట రాళ్లలోనా, నాకు వెంటనే రాయించు. నివాల్డాను దోమతెర లేకుండా పడుకోనివ్వకు.

నీ కొమాద్రి,
లిందౌరా

*

సల్వడోర్,
మే 20, 1986

కొమాద్రి జోవెలీనాకు,

దణ్ణాలు. మీరంతా కులాసా అనే అనుకుంటున్నాను. నా కులాసా సంగతి చివరిదాకా వింటే నీకే అర్థమవుతుంది.

నీ జవాబు అందింది. నివాల్డా గుండ్రటి అక్షరాల్లో నీ తిట్లు ఎంత ముద్దుగా ఉన్నాయో! పిల్ల పురుగులు గోడలోనే, నీ మంచానికి మూరెడు దూరంలోనే దొరికాయన్నావు. నువ్వక్కడ లెన్సులో పురుగుల గాజులు చూసి మురిసిపో, ఇక్కడ అవి మా నెత్తురు తాగి మురిసిపోతాయి అన్నావు. అను. నాకు తగ్గదే.

ఆ ఉత్తరం పట్టుకుని పెద్దాయన గదికి వెళ్లాను. పిల్లలు గోడలో ఉన్నాయండీ, రెక్కలు పొడుగ్గా ఉన్నాయండీ, ఇది ఇంటి జాతే, రంగు ఎందుకు మారిందో తర్వాత చూసుకుందాం, ముందు బృందాన్ని పంపించండి అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, లిందౌరా, రెక్కలు ఇంటిదానివి, రంగు కొండదానిది, అంటే ఏమిటో నీకింకా తట్టలేదా అన్నాడు. తట్టింది. ఇది ఐదో చెల్లెలు అన్నాడాయన. ఇంతవరకూ ఎవరూ చూడనిది, ఎవరూ పేరు పెట్టనిది అన్నాడు. ఆయన ఉద్యోగం ఈ ఏడాదితో సరి. వెళ్లేలోగా ఒక్క జాతికైనా వాళ్ల అమ్మ పేరు పెట్టాలని ఎప్పటినుంచో ఆశ. ఆవిడ కూడా అబీలియోలాగే పోయింది, నది ఒడ్డున మట్టి ఇంట్లో. అందుకని ఆయన్ని తిట్టుకోవడానికి కూడా నాకు మనసు రావడం లేదు.

కొత్త జాతి అయితే మాత్రం, నివాల్డా గోడలో ఉన్నదాన్ని చంపొద్దా అని అడిగాను. జబ్బు మోస్తుందని తేలిన జాతులకే బృందం పోతుంది, ఇది మోస్తుందో లేదో ఎవరికి తెలుసు, రాసిపెట్టిన పద్ధతి అది అన్నాడు. మోస్తుందని ఎలా తేలుతుందండీ, ఆ ఇంట్లో ఎవరో ఒకరు పడిపోతేనా అన్నాను. గొంతు పెంచకు అన్నాడు. పెంచాను. తలుపు బయట అందరూ విన్నారు. వింటే విననీ.

చివరికి ఒక్కటి ఒప్పుకున్నాడు. బతికున్న పురుగుల్ని తెచ్చి చూపించు, ప్రాణంతో ఉన్నదానికి గడ్డి పట్టీలు ఉంటే కొత్త జాతి మాట అక్కడితో వదిలేస్తాను అన్నాడు. ఈలోగా బృందం నది అవతలికి బయలుదేరిపోయింది. వాళ్ల లారీ మా గేటు దాటుతుంటే నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. అడ్డం పడాలన్నంత ఏడుపు వచ్చింది.

కాబట్టి కొమాద్రీ, ఈసారి సీసా వద్దు. మూతకు సన్నగా చిల్లులు పొడిచిన రేకు డబ్బా తీసుకో. లోపల కాగితం విసనకర్రలా మడిచి పెట్టు, అవి పట్టుకుని కూర్చోవడానికి. ప్రాణంతో పంపు. వట్టి చేత్తో ముట్టుకోకు. దాని నోట్లో లేదు విషం, అది కుట్టి పక్కన వేసే రెట్టలో ఉంది. గోక్కున్న చెయ్యి కంట్లో పెట్టుకుంటే చాలు.

నివాల్డాను లోరెన్సా ఇంట్లో పడుకోబెట్టమని నీ కాళ్లు పట్టుకుంటున్నాను. సిమెంటు ఇల్లు, పగుళ్లు లేవు. లోరెన్సాతో మేక విషయంలో నీకు మాటల్లేవని నాకు తెలుసు. ఆ మేక ఎప్పుడో చచ్చింది, పంతం ఇంకా మేస్తూనే ఉంది. నా కోసం ఒక్కసారి మెట్టు దిగు.

నీ కొమాద్రి,
లిందౌరా

*

సల్వడోర్,
జూన్ 3, 1986

జోవెలీనా,

ఈసారి దణ్ణాలూ క్షేమాలూ తర్వాత.

నివాల్డా, ఇది మొదటినుంచి చివరిదాకా, గట్టిగా, మీ అత్తకు వినిపించేలా చదువు. నువ్వు చదవవని తెలిసే అరిస్తేవుతో నోటి మాటగా కూడా చెప్పి పంపుతున్నాను. దాచి లాభం లేదు.

అరిస్తేవు నిన్న మళ్లీ సీసాయే తెచ్చాడు. డబ్బా ఏదయ్యా అంటే, బతికున్న బార్బరు పురుగుల్ని నా బండి ఎక్కించనమ్మా, ముందు సీట్లో మా ఆవిడ కూర్చుంటుంది, పోయినసారి ఎవరో తేళ్లు తెస్తేనే నెల్లాళ్లు నాకు వంట చేసి పెట్టలేదు అన్నాడు. మీ అత్త అక్కడికక్కడే డబ్బాలోవి సీసాలోకి దులిపి పంపిందట. వాటికీ పట్టీలు ఎర్రగానే ఉన్నాయి. పెద్దాయన చూసి నా భుజం తట్టి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

అది కాదు నేను చెప్పేది. సీసా ఇచ్చి వెళ్లబోతూ అరిస్తేవు గుమ్మంలో ఆగి, ఆ కడుపుతో ఉన్న పిల్లకు కంటి మీద ఏదో కురుపు లేచిందమ్మా, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, సీసా ఇవ్వడానికి వచ్చినప్పుడు చూశాను అన్నాడు.

నివాల్డా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మేకల ధర ఉంది. చర్చిలో పాట ఉంది. లోరెన్సా ఇంటికి పడుకోవడానికి నిన్ను పంపననీ, మా ఇంట్లో మాకేం భయమనీ మీ అత్త చెప్పిన మాట ఉంది. నీ కన్ను లేదు. మీ అత్త చెప్పే ఉంటుంది, నువ్వే రాయలేదు. అవునా, కాదా?

కొమాద్రీ, నువ్వు కంటికి రోజ్‌మేరీ నీళ్లు పోసి ఉంటావు, కళ్లకలక అనుకుని ఉంటావు. ఎవరైనా అదే అనుకుంటారు. కళ్లకలక అయితే పుసి కడుతుంది, ఎర్రబడుతుంది, రెండో కంటికి పాకుతుంది. ఒక్క కన్నే, నొప్పి లేకుండా, ఊదారంగులో ఉబ్బి, ఆ పక్క చెవి ముందు గడ్డ కట్టిందా చూడు. వేలితో నొక్కి చూడు. ఉంటే ఇంక ఒక్క పూట కూడా ఆగొద్దు. పిల్లను బస్సెక్కించు.

జ్వరం ఉన్నా పంపు. బస్టాండులో నేనుంటాను. తనకు నెత్తురు పరీక్ష చేయిస్తాను. జబ్బు కొత్తగా ఎక్కిందైతే మందు ఉంది. అబీలియో రోజుల్లోలా కాదు, పట్టుకునే దారి ఉంది. దాని కడుపులో బిడ్డ ఉందన్న ఆలోచనే నన్ను నిలవనివ్వడం లేదు. ప్రయోగశాలలో కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

పురుగుల్ని కూడా ఎలాగైనా ప్రాణంతో పంపు. అరిస్తేవుకు చెప్పొద్దు.

లిందౌరా

*

సల్వడోర్,
జూన్ 14, 1986

నా కొమాద్రి జోవెలీనాకు,

నీకు మనసారా దణ్ణాలు. ఈపాటికి నివాల్డా ఇంటికి చేరి, బస్సు కుదుపులకు నడుము పట్టేసిందని నీకు చెప్పి ఉంటుంది, నువ్వు నూనె రాస్తూ నన్ను తిట్టుకుంటూ ఉంటావు. ఇక్కడ ఉన్న రోజుల్లో నా వంట తినలేక, అత్త చేతి మొక్కజొన్న ఉప్మా గుర్తొస్తోందని మొహం మీదే అంది. నీ కోడలు నీ తయారీయే.

అది దిగిన తీరు నువ్వు చూడాల్సింది. ఒక కన్ను మూసుకుని, పొట్ట ముందుకు పెట్టుకుని, రెండు చేతుల్లో గుడ్డ కట్టిన గిన్నెను దేవుడి పల్లకీలా పట్టుకుని దిగింది. వెనకాలే అరిస్తేవు. అమ్మా, దారి పొడుగునా కేకు ముక్క పెట్టమని అడిగితే ఒక్క ముక్క పెట్టలేదు, సంత్ ఆంతోనియో మొక్కట, విప్పితే పాపమట, ఇంత భక్తురాలని తెలియదు అని నా దగ్గర మొరపెట్టుకున్నాడు. గిన్నెలో కేకు కింద రేకు డబ్బా ఉందని వాడికి ఇప్పటికీ తెలియదు. తెలిస్తే వాళ్ల ఆవిడ వాడిని ఇంట్లోకి రానివ్వదు.

నివాల్డాను నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లి నెత్తురు ఇప్పించాను. తర్వాత ప్రయోగశాలకు వచ్చాం. పెద్దాయన బల్ల మీద తెల్ల కాగితం పరిచి డబ్బా మూత తీశాను. మడతలోంచి ఒకటి బయటికి వచ్చి, గుర్రం తలలాంటి తల అటూ ఇటూ తిప్పి, తీరిగ్గా కాగితం మీద నడిచింది. పొట్ట అంచున పట్టీలు ఎండుగడ్డి రంగు. తొడల గాజులు ఎండుగడ్డి రంగు. ఎరుపన్నది ఎక్కడా లేదు. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది, అన్నీ అంతే. మన పాత చెల్లెలే. ఇంటి జాతే.

మా అమ్మకు ఈ ఒక్క విషయంలో కూడా అదృష్టం లేదు అన్నాడు పెద్దాయన. తర్వాత నివాల్డా కన్ను వైపు చూశాడు. చూసి లేచి, టోపీ కూడా పెట్టుకోకుండా, వానలో తంతి ఆఫీసుకు తనే నడిచి వెళ్లాడు. బృందాన్ని వెనక్కి తిప్పించాడు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి వాళ్లు నీ వాకిట్లో ఉంటారు. మంచాలూ, పటాలూ, అన్నీ బయట వేసుకో. కోళ్ల గూడు గోడకు దూరంగా జరుపు. గోడ పగుళ్లు మట్టీ సున్నంతో పూడ్చమని లోరెన్సా కొడుకుల్ని అడుగు. వాళ్లు కాదనరు, వాళ్ల అమ్మకూ నీతో మాట్లాడాలనే ఉందని నివాల్డా చెప్పింది.

మరి సీసాలోవి ఎందుకు ఎర్రగా ఉన్నాయని నువ్వు అడుగుతావు. అడక్కముందే చెబుతాను. తప్పు నాది. సీసాలోంచి తీసి మా నిల్వ మందులోకి మార్చానని రాశాను కదా. ఆ మందు పోసే ఇనప డబ్బా అడుగు తుప్పు పట్టి ఉంది, నేను చూసుకోలేదు. ఆ తుప్పు రంగే పట్టీలకు పట్టింది. పెద్దాయన నన్ను అందరి ముందూ కడిగేశాడు. పడ్డాను. ఆలస్యమంతా నా వల్లే. నీ సీసాలో ఏ లోపమూ లేదు. నన్ను క్షమించు.

పిల్ల సంగతి. కంటి వాపు తగ్గుముఖం పట్టింది, నువ్వే చూస్తున్నావు. నెత్తురు కాస్త పలచగా ఉందన్నారు. తొలి కాన్పు కదా, ఇక్కడే చేయిద్దామని నాకు ఉంది. నెలలు నిండకముందే నా దగ్గరికి పంపు. నువ్వూ రా. నీ జాడీ కూడా తీసుకురా. ఈ ఊళ్లో పసివాడి ఉచ్చ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు, నేర్పిద్దాం.

పండక్కి మంట గట్టిగా వెయ్యి. నేను రాలేకపోయినా నా తరఫున ఒక కట్టె వెయ్యి.

ఎప్పటికీ నీ కొమాద్రి,
లిందౌరా

తా.క. నివాల్డా, ఇక్కడ ఆగు. ఇక్కడినుంచి గట్టిగా చదవకు, మనసులోనే చదువుకో. చదివేటప్పుడు దాటించొద్దని నిన్ను ఎన్నిసార్లు తిట్టానో, ఇప్పుడు నేనే దాటించమంటున్నాను. నీకు వేరే ఉత్తరం రాస్తే అందులో ఏముందని అత్త అడుగుతుంది. అందుకే అడుగున రాస్తున్నాను.

నువ్వు నా చేతులు పట్టుకుని అడిగినట్టే రాశాను. మా ఇనప డబ్బాకు తుప్పూ లేదు, గిప్పూ లేదు. బల్ల మీద నీ అత్త పంపిన సీసా మూత తీసి, వాసన చూసి, ఇది మా జాడీలోదే అని నువ్వన్న క్షణం నా కళ్లముందే ఉంది. లవంగం, తేనె, ఎర్రటి జతోబా చెట్టు బెరడు. మందుల షాపు స్పిరిటు మీద నమ్మకం లేక, కొమాద్రి పనికి మన ఇంట్లో ఉన్నవాటిలో మేలైనదే పోయాలని, మంచం కింద జాడీలోంచి గరిటెతో ముంచి పోసిందన్నావు. నీ బిడ్డ కోసం నానేసిన సారా. ఆ బెరడే పట్టీల్ని ఎర్రగా మార్చింది. చీమలకు మొదటిరోజే తెలిసిపోయింది, నాకూ ఒక శాస్త్రవేత్తకూ తెలియలేదు. రెండుసార్లు రెండు సీసాలు, రెండూ ఆ జాడీలోవే. ఆ ఎరుపు లేకపోతే బృందం మే నెలలోనే మీ ఇంటికి వచ్చేది. నీ కన్ను అప్పటికింకా బాగానే ఉంది. ఇది గనక మీ అత్తకు తెలిస్తే తను బతకదు. అందుకని నిప్పు మీద వేసిన ఒట్టు నేను మొదటిసారి తప్పాను.

ఇప్పుడు నీ మాట. నువ్వు బస్సెక్కాక నెత్తురు ఫలితం వచ్చింది. జబ్బు ఉంది, నివాల్డా. లెన్సులో నేను కూడా చూశాను, చెప్పినవాళ్ల మాట నమ్మబుద్ధి కాక.

భయపడు, కానీ అంతా అయిపోయిందనుకోకు. కడుపుతో ఉండగా ఆ మందు ఇవ్వరు. కాన్పు అయ్యాక నీకు ఇస్తారు. కొత్తగా ఎక్కిన జబ్బు, మందుకు లొంగే అవకాశం ఎక్కువ. బిడ్డకు రాకపోవచ్చు. ఎక్కువమందికి రాదు. వచ్చినా పుట్టిన వెంటనే మందు పడితే దాదాపు అందరూ నయమవుతారని ఇక్కడి డాక్టరమ్మ నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. అందుకే కాన్పు ఇక్కడ అన్నాను. దీన్ని మాత్రం దాటించకు. ఒంటరిగా మొయ్యలేకపోతే జిల్వాన్‌కు చెప్పు. అత్తకు చెప్పాలా, ఎప్పుడు చెప్పాలా అన్నది నీ ఇష్టం, నీ ఒళ్లు. సారా సంగతి మాత్రం ఎప్పటికీ వద్దు.

బిడ్డ పుట్టిన రోజు మీ అత్త ఆ జాడీ మూత తీసి అందరికీ పోస్తుంది. మొదటి గ్లాసు నాకివ్వు. తాగుతాను. నువ్వూ నా పక్కన ఉండు.

ఈ అడుగు భాగం చించి సావ్ జొవావ్ మంటలో వెయ్యి. ఇప్పుడు అత్త నీ మొహం చూస్తూ ఉంటుంది, ఇంకా ఏదో రాసి ఉందే, చదవ్వేం అంటుంది. లిందౌరా పిన్ని మళ్లీ కాలేయం కూర తినమని రాసింది అత్తా, అను. విసుక్కుంటున్నట్టు అను.